వెనక సగం నా వంతు

అక్టోబరు నెల వస్తే మా గార్లదిన్నె పక్క పల్లెకు వాన రాకపోయినా ఫ్లెక్సీ మాత్రం వస్తుంది. చర్చి గేటు పక్కన రెండు కరెంటు స్తంభాల మధ్య కట్టేస్తారు, అది నెలంతా గాలికి పటపటా కొట్టుకుంటూ ఉంటుంది. రెండేళ్ల కిందట దాని మీద ‘విశ్వాసాన్ని లోతు చేసుకుందాం, ఇంటింటా పంచుకుందాం’ అని వేయించారు. ఆ అక్షరాలకు ఒక పక్క మేరీమాత, ఇంకో పక్క భక్తి కమిటీ అధ్యక్షుడు. మేరీమాత పాస్‌పోర్టు ఫోటో అంత ఉంది. అధ్యక్షుడు నడుము దాకా ఉన్నాడు, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, చేతులు జోడించి, ఎలక్షన్లలో నిలబడినట్టు. లోతు అంటే ఏమిటో ఆ మనిషికి తెలుసునని నమ్మడానికి నాకు ఇంతవరకు ఏ ఆధారమూ దొరకలేదు. మా వైపు బోర్లు వేసేవాళ్లకు కూడా లోతు గురించి అంతకంటే ఎక్కువ వినయం ఉంటుంది.

నేను ఆ మతంలో పుట్టినదాన్ని కాదు. మాది కళ్యాణదుర్గం. మా నాయనది కిరాణా అంగడి, ఇంట్లో వాసవమ్మ పటం. బడిలో తెలుగు చెప్పే ఉద్యోగం వచ్చాక రోజూ ఒకే బస్సులో తిరుగుతూ, ఆ బస్సు కండక్టరునే పెళ్లి చేసుకున్నాను. ఆయనది క్యాథలిక్ కుటుంబం. మా నాయన కొన్నేళ్లు నాతో మాట్లాడలేదు. కండక్టరు అన్న కోపం ముందు, క్రైస్తవుడన్న కోపం తరువాత. మా ఆయన క్రైస్తవం సంగతి తెలిసుంటే ఆ రెండో కోపం అనవసరమని మా నాయనకే అర్థమయ్యేది. ఆ క్రైస్తవం డిసెంబరు చివర్లో మొదలై కేకు అయిపోగానే ముగుస్తుంది.

ఇంట్లో అసలు క్రైస్తవురాలు మా అత్త ఒక్కతే. చదువు లేదు. నీళ్లు లేని శనక్కాయ చేను ఉంది, భూమి దద్దరిల్లే గొంతు ఉంది. చేను ఈ గట్టున నిలబడి ఆమె కేకేస్తే ఆ గట్టున గొర్రెలు తలెత్తి చూసేవి. కూరలో ఉప్పు ఎక్కువ వేసేది, వేయలేదని దబాయించేది. అత్త లేని కోడలు ఉత్తమురాలంటారు. ఉత్తమురాలు అనిపించుకునే అవకాశం నాకు ఆ ఇంట్లో మొదటి రోజే పోయింది.

ఆమెకు రోజూ దీపాలవేళ జపమాల చెప్పాలి. జపమాలకు రెండు గొంతులు కావాలి. ఒకరు మంగళవార్త జపం మొదటి సగం చెబితే, ఇంకొకరు వెనక సగం అందుకోవాలి. పూసకు ఒకసారి, పదేసి పూసల చొప్పున మాలంతా. ఒక్కరే రెండు సగాలూ చెప్పుకున్నా పాపమేమీ కాదట. కానీ అది ఆమెకు గిట్టేది కాదు. మా మామ బతికున్నంత కాలం వెనక సగం ఆయనది. ఆయన పోయాక కొడుకు వంతు వచ్చింది, కొడుకేమో సాయంత్రం డ్యూటీలు వేయించుకున్నాడు. అవి ఆర్టీసీ వేసిన డ్యూటీలు కావని, ఆయన అడిగి వేయించుకున్నవేనని నాకు తరువాత తెలిసింది.

నేను కాపురానికి వచ్చిన కొత్తల్లో ఒక సాయంత్రం మిద్దె మెట్ల మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నాను. లోపలి నుంచి కేక వచ్చింది.

“ఏమ్మే, ఊరికే కూచోనుండావు కదా, ఈడికొచ్చి ఎనక సగం చెప్పు.”

“నేను మీ మతం కాదు కదత్తా.”

“నిన్ను మతం ఎవురడిగినారు? గొంతడిగినా.”

“నాకు నమ్మకం లేదు.”

“నమ్మకం నాకుండాదిలే. ఒక్కదాన్నే రెండూ చెప్పుకుంటే తిక్కదాని మాదిరుంటాది. ఊ, రా.”

పోయాను. భక్తితో కాదు, ఆ కేకలకు పక్కింటివాళ్లు గోడ మీద నుంచి చూస్తున్నారని పోయాను. రెండు రోజుల్లో నోటికి వచ్చేసింది. మొదటి సగమంతా మేరీమాతను పొగడటం, వెనక సగమంతా ఆమెను అడుక్కోవడం. పాపులమైన మా కోసం ఇప్పుడూ, చచ్చేటప్పుడూ వేడుకోమని. మా నాయన అంగట్లో అరువుకు వచ్చేవాళ్లు కూడా సరిగ్గా ఇదే వరుసలో మాట్లాడేవాళ్లు. ఆ మాటే మా అత్తతో అంటే ఆమె కిందా మీదా పడి నవ్వింది. “అవునే, పొగడకపోతే ఎవురిస్తారు” అంది.

అట్లా ఏళ్లు గడిచాయి. విత్తనానికి శనక్కాయలు వొలిచే రోజుల్లో మాల పట్టుకోవడానికి చేతులు ఖాళీ ఉండేవి కావు. వొలిచిన గింజలను పదేసి పక్కన పెట్టుకుంటూ జపం నడిపేది. మధ్యలో “ఆ మేకనెవురు కట్టేయలేదో సూడు” అని అరిచి, ఆపినచోటి నుంచే మళ్లీ ఎత్తుకునేది. ఇదేం భక్తి అని నాకు నవ్వొచ్చేది. కమిటీవాళ్ల భక్తి చూశాక మాత్రం ఆ నవ్వు పోయింది.

మా ఇల్లు పాత రాతి ఇల్లు. నడవలో లోపలి గడపకు చెరో పక్క గోడలో ఒక గూడు ఉంది. ఒకదాంట్లో ఆమె మేరీమాత బొమ్మ. రెండోదాంట్లో చాన్నాళ్లు దువ్వెన, కొబ్బరినూనె సీసా ఉండేవి. నేను పుట్టింటి నుంచి పటం తెచ్చుకున్నప్పుడు ఆమే ఆ దువ్వెన తీసి దూలం సందులో దోపి, “ఈడ పెట్టుకో మీ అమ్మోరిని” అంది. దీపాలవేళ అగ్గిపుల్ల గీసి తన కొవ్వొత్తి ముట్టించేది. పుల్ల ఇంకా మండుతూ ఉంటే చేయి చాపి నా దీపం కూడా ముట్టించేది. మొక్కేది కాదు, దండం పెట్టేది కాదు. ఒకసారి అడిగాను, ఎందుకత్తా అని. “పుల్ల మండుతాంది కదా, ఆర్పేదెందుకు” అంది. అంతకు మించి ఆమె దగ్గర ఏ సిద్ధాంతమూ లేదు. ఉందని చెబితే నేను అబద్ధం చెప్పినట్టు.

అక్టోబరులో చర్చి నుంచి మేరీమాత పెద్ద విగ్రహం బయలుదేరి రోజుకొక ఇంట్లో రాత్రి ఉంటుంది. మరుసటి సాయంత్రం అందరూ అక్కడ జపం చెప్పి, కొవ్వొత్తులతో పక్క ఇంటికి తీసుకుపోతారు. మా అత్త కొత్త పెళ్లికూతురిగా ఉన్నప్పుడు అది ఈ ఇంటికే వచ్చిందట. ఆ రాత్రి నిద్రపోకుండా దాని ముందే కూర్చున్నానని వందసార్లు చెప్పింది. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ విగ్రహం మా వీధి మొదట్లోనే మలుపు తిరిగిపోతూ వచ్చింది. ఎందుకని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు, నేను గుడ్డిదాన్ని కాదు. ఆమె మాత్రం ప్రతి ఏడూ బంతిపూలు పట్టుకుని వీధి మొదట నిలబడేది. విగ్రహం పోతుంటే దాని పాదాలు తాకి ఆ వేళ్లు కళ్లకు అద్దుకుని, ఏమీ జరగనట్టు ఇంటికి వచ్చి ఉప్పెక్కువ వేసి చారు కాచేది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. ఇక్కడ అడ్డం పడ్డది పూజారి కూడా కాదు, పూజారికి గొడుగు పట్టేవాడు. ఫాదర్ కుర్రవాడు, మంచివాడే. ఆయనకు పల్లెలెక్కువ, బండి ఒక్కటి.

ఆ ‘ఇంటింటా’ ఫ్లెక్సీ కట్టిన ఏడాది ఎండల్లో మా అత్తకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు, మాట. కాలు కొంచెం తిరిగింది, గోడ పట్టుకుని ఈడ్చుకుంటూ నడిచేది. మాట తిరగలేదు. గొర్రెలను బెదిరించిన ఆ గొంతులో ‘ఊ’ అనే ఒక్క శబ్దం మిగిలింది. ఆమె నోరు కాస్త మూతపడితే బాగుండునని నేను చాలాసార్లు అనుకున్నదాన్నే. మూతపడ్డాక ఆ ఇంట్లో నాకు ఊపిరాడలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన సాయంత్రం పుల్ల గీసి ఆమె ఎడమ చేతికి ఇచ్చాను. కొవ్వొత్తి ముట్టించింది, చేయి చాపి నా దీపం ముట్టించింది, మంచం మీద కూర్చుని మాల తీసుకుని నా వైపు చూసింది. మొదటి సగం కూడా నన్నే చెప్పమంటుందేమో అనుకున్నాను. కాదు. ఆమె పెదాలు కదలడం మొదలుపెట్టాయి. శబ్దం లేదు. వంకర తిరిగిన మూతితో ఒక్కొక్క మాటే మెల్లగా కూడదీసుకుంటూ చివరిదాకా వచ్చి ఆగింది. ఆగాక నేను వెనక సగం అందుకున్నాను. ఆ రోజు మాల పూర్తయ్యేసరికి అన్నం చల్లారిపోయింది. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి, వాకిట్లోనే నిలబడి కొంతసేపు చూసి, కళ్లు తుడుచుకుని, అన్నం పెట్టమన్నాడు. ఆ మనిషి భక్తి అంతవరకే.

సెప్టెంబరు ఆఖరులో అధ్యక్షుడు భార్యను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ‘ఇంటింటా’ అని ఫ్లెక్సీ మీద వేయించుకున్నాడు కదా, ఇంక తప్పలేదు. ఆయన పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. మామూలుగా కరపత్రం చదివినట్టు మాట్లాడతాడు, కోపం వస్తే మాత్రం పుట్టిన ఊరు బయటపడుతుంది.

“టీచరమ్మా, మీ అత్తగారి విశ్వాస జీవితం మన సంఘానికి ఆదర్శప్రాయం. ఈ సంవత్సరం మరియ తల్లి ముగింపు సాయంత్రం మీ గృహాన్ని దర్శిస్తుంది” అన్నాడు. అంటూనే రెండో గూడు చూశాడు. “అదేమిటి?”

“వాసవమ్మ.”

“అది తెలుసు. అదీడెందుకుండాదని అడుగుతాండా.”

“నేనీడుండాను గాబట్టి.”

ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “ఒకే పుల్లతో రెండిటికీ ముట్టిస్తాదంట ఈమె. ఊర్లో అందరూ చెప్పుకుంటాండారు” అంది. హత్య జరిగిన సంగతి చెబుతున్నట్టు అంది. ఊర్లో తాగడానికి నీళ్లు రాక నాలుగు రోజులైతే ఎవరూ చెప్పుకోరు. ముసలామె అగ్గిపుల్ల గురించి అందరూ చెప్పుకుంటారు.

అధ్యక్షుడు షరతు పెట్టాడు. ఆ సాయంత్రం పటం ఆ గూట్లో ఉండకూడదు. ఇంకొకటి, నేను రోజూ జపమాల చెబుతానని విన్నాడట, అందుకని మైకులో సాక్ష్యం చెప్పాలి.

“అన్యమతంలో పుట్టిన మీరు ఎలా మారారో నాలుగు మాటలు చెబితే చాలమ్మా.”

“నేను మారలేదు సార్.”

“మారుతున్నానని చెప్పండి.”

రేషన్ కార్డులో పేరు మార్పు అనుకున్నాడో ఏమో. వినేవాడు వెర్రివాడైతే చెప్పేవాడు వేదాంతి అంటారు, ఈయనకు వినేవాడు కూడా అక్కర్లేదు. గట్టిగా నాలుగు అనడానికే నోరు తెరిచాను. అంతలో మా అత్త మంచం మీద నుంచి ‘ఊ, ఊ’ అంది. విగ్రహం వస్తుందన్న మాట ఒక్కటే ఆమెకు వినిపించినట్టుంది. ఎడమ చేయి ఎత్తి నుదుటికి తాకించి అధ్యక్షుడికి దండం పెడుతోంది. ఆ మనిషికి దండం! రెండు చేతులూ కలవవు గాబట్టి ఒంటిచేత్తో. వంకర మూతి నవ్వుతోంది, కళ్లు కారుతున్నాయి. ఇన్నేళ్లూ ఆమె విగ్రహం పోగొట్టుకున్నది నా వల్ల. ఇంకో అక్టోబరు ఆమెకు ఉంటుందన్న నమ్మకం డాక్టరుకే లేదు.

“పటం తీస్తాను. మైకు మాత్రం కుదరదు” అన్నాను.

అక్టోబరు ఆఖరులో గోడలకు సున్నం కొట్టించాను. విగ్రహం వచ్చే రోజు ఉగ్గాని, బజ్జీలు చేశాను. విగ్రహం వెంట వచ్చేవాళ్లకు ఉగ్గాని పెట్టకపోతే మా వైపు ఆ జపం పరలోకం దాకా పోదు. వాసవమ్మ పటం, దీపం తీసుకుపోయి వెనక గదిలో బియ్యం డబ్బా మీద పెట్టాను. అమ్మవారికి కోపం వచ్చిందో లేదో తెలియదు గాని నాకు వచ్చింది. మా అత్త మధ్యాహ్నం నుంచి స్నానం చేయించుకుని, తెల్ల చీర కట్టించుకుని, వాకిలి వైపు చూస్తూ మంచం మీద కూర్చుంది. గూడు ఖాళీ అయిన సంగతి ఆమె చూడలేదు. చూసేంత తీరిక లేదు ఆమెకు.

విగ్రహం ఆటో మీద వచ్చింది, ముందు ఇంకో ఆటోలో మైకు. మేరీమాతకు ప్లాస్టిక్ పూలు చుట్టారు, బంతి పూలు చేన్లో విరగబూసిన నెలలో. అధ్యక్షుడు విగ్రహాన్ని గడప పక్కన బల్ల మీద పెట్టించి, మా అత్త మేరీమాత గూడు కింద తాను నిలబడి మైకు సర్దుకున్నాడు. ఇంటి పెద్ద మొదటి కొవ్వొత్తి ముట్టించడం ఆచారం. మా అత్త గోడ పట్టుకుని లేచి నిలబడింది. నేను పుల్ల గీసి ఆమె ఎడమ చేతికి ఇచ్చాను. గోడకు ఆనుకుని కొవ్వొత్తి ముట్టించింది. నడవ నిండా ఉన్న జనం ‘మరియమ్మా’ అన్నారు. ఆమె మొహం ఆ వెలుగులో ఎట్లా ఉందో నేను చెప్పలేను.

పుల్ల ఇంకా మండుతోంది. ఆమె చేయి చాపింది.

గూట్లో ఏమీ లేదు. ఆ చేయి ఖాళీ గూట్లో అటూ ఇటూ తడుముకుంది. మంట వేళ్ల దాకా వచ్చింది, అయినా పుల్ల పారేయలేదు.

“అమ్మా, చాలు, ఇక కూర్చోండి” అన్నాడు అధ్యక్షుడు మైకులోనే. వీధంతా వినపడింది.

వేళ్లు చురుక్కుమన్నాక పుల్ల పడిపోయింది. ఆమె తిరిగి నన్ను చూసింది. యాడ పెట్టినావు అని అడిగే చూపు అది. అధ్యక్షుడిని చూడలేదు, విగ్రహాన్ని చూడలేదు, నన్నే చూసింది. నాకు సిగ్గుతో ఒళ్లు మండిపోయింది. వెనక గదిలోకి పోయి పటం, దీపం తెచ్చి గూట్లో పెట్టాను. ఇంకో పుల్ల గీసి ఆమె చేతికిచ్చాను. ఆ ఇంట్లో దీపాలకు రెండో పుల్ల గీయడం అదే మొదటిసారి. ఆమె నా దీపం ముట్టించింది.

“ఇది జరిగే పని గాదు” అన్నాడు అధ్యక్షుడు, మైకు మూసి. కరపత్రం భాష పూర్తిగా పోయింది. “మాతను ఇట్లాంటి చోట పెట్టేకి లేదు. పటమన్నా తీయండి, విగ్రహమన్నా తీస్తాం.”

నేను ఆమె దగ్గరికి పోయి చెవిలో అడిగాను. “అత్తా, నువ్వు ఊ అంటే తీసేస్తా. నాకేం బాధ లేదు. ఊ అను.”

ఆమెకు మిగిలిన శబ్దం అదొక్కటే. అది అనలేదు. వాకిట్లో నుంచి గాలి వస్తోంది, నా దీపం అల్లాడుతోంది. ఆమె ఎడమ చేయి ఎత్తి దానికి అడ్డం పెట్టింది.

విగ్రహం ఎత్తారు. నడవలో నుంచి బయటికి మోసుకుపోతుంటే ఆమె దీపానికి అడ్డం పెట్టిన చేయి తీసి, విగ్రహం పాదాలు తాకి, ఆ వేళ్లు కళ్లకు అద్దుకుంది. వీధి మొదట నిలబడి ఇన్నేళ్లూ చేసినట్టే. జనంలో ఒకరిద్దరు తల దించుకున్నారు, దించుకుని వెంటే పోయారు. అధ్యక్షుడి భార్య మాత్రం పోతూ పోతూ కవర్లో బజ్జీలు కట్టించుకుంది. మా ఇంటి నూనెలో కాగిన బజ్జీకి విశ్వాసంతో పేచీ లేదు కాబోలు.

వీధిలో ఆటో మైకు జపమాల ఎత్తుకుంది. అధ్యక్షుడు మొదటి సగం పూర్తి చేయకముందే జనం వెనక సగం అందుకుంటున్నారు, రైలు తప్పిపోతుందన్నట్టు. మా అత్త మంచం మీద కూర్చుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, తిట్టుకుంటూ ఏడ్చాను. కొంతసేపటికి ఆమె మాల కోసం చేయి చాపింది. మైకు దూరమయ్యేదాకా ఆగి, పెదాలు కదపడం మొదలుపెట్టింది.

మళ్లీ అక్టోబరు ఆమెకు రాలేదు. విత్తనాలు వొలిచే రోజుల్లో పోయింది. పోయే రోజు సాయంత్రం ఫాదర్ బండి మీద వచ్చి నూనె పూసి ప్రార్థన చేశాడు. రెండు గూళ్లూ చూశాడు, టీ తాగి పోయాడు. ఆ రాత్రి ఆమె పెదాలు జపం మధ్యలోనే ఆగిపోయాయి. చచ్చేటప్పుడు మా కోసం వేడుకోమన్న మాట నేను ఒక్కదాన్నే చెప్పాను.

సమాధి దగ్గర అధ్యక్షుడు మైకు పట్టుకున్నాడు. ఆ తల్లి గొప్ప విశ్వాసి అన్నాడు. అయితే ఎంత దురదృష్టం, సొంత ఇంట్లో ఒక్కరికైనా విశ్వాసాన్ని పంచలేకపోయింది, మనమంతా దీని నుంచి పాఠం నేర్చుకోవాలి అన్నాడు. నేను ఆయన పక్కనే, పిడికెడు మట్టి పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ మట్టి ఎక్కడ వేయాలో ఒక్క క్షణం ఆలోచించి, ఆమె మీదే వేశాను.

ఇప్పుడు దీపాలవేళ నేనే ఒక పుల్ల గీసి రెండూ ముట్టిస్తాను. ఆమె మంచం పక్కన కూర్చుంటాను. మొదటి సగం నాకు నోటికి వచ్చు, అన్నేళ్లు విన్నాక రాకుండా ఎట్లా ఉంటుంది. చెప్పను. అది ఆమెది. ఆ వంకర పెదాలు చివరి మాట దాకా రావడానికి ఎంతసేపు పట్టేదో అంతసేపు ఊరుకుంటాను. తరువాత వెనక సగం అందుకుంటాను.